విశాఖలో ఉద్యోగం వచ్చిందా? ముందు బస్టాపు చూసుకోండి, ఆ తర్వాతే ఇల్లు

విశాఖపట్నంలో ఉద్యోగం దొరికిందని చెప్పగానే మా ఊళ్ళో అందరూ అడిగిన మొదటి మాట, "బీచ్ దగ్గరేనా?" అని. నేనూ ఆ ఆశతోనే ఇల్లు వెతికాను. పని ఊరికి దక్షిణాన పరవాడ వైపు, ఇల్లు తీసుకున్నది సముద్రానికి దగ్గరని ఎంవీపీ కాలనీలో. ఏడు నెలలు అక్కడున్నాను. సముద్రం ఒడ్డుకు వెళ్ళింది నాలుగుసార్లు. మిగతా సాయంత్రాలన్నీ దారిలో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర బస్సు కిటికీలోంచి ముందున్న లారీని చూస్తూ గడిచిపోయాయి. ఇంటికి చేరేసరికి కింద వాటా వాళ్ళు తలుపులు వేసేసుకునేవారు. పక్కింటివాళ్ళ పేరు తెలియకుండానే ఆ ఇల్లు ఖాళీ చేశాను. పనికి దగ్గరగా కూర్మన్నపాలెం మారాక రోజుకు రెండున్నర గంటలు మిగిలాయి. నాకు ఈ ఊరు ఆ రెండున్నర గంటల్లోనే పరిచయమైంది.

అందుకే కొత్తగా వస్తున్నవాళ్ళకు ఈ వరస చెబుతున్నాను. అద్దె, అడ్వాన్సు, సామాను బండి ఆఖర్న. ముందు దారి.

ఊరి ఆకారం నోటికి తెచ్చుకోండి

విశాఖ గుండ్రంగా పెరిగిన ఊరు కాదు. ఒక పక్క సముద్రం, మధ్యలో కొండలు, దక్షిణాన ఓడరేవు. వీటికి దొరకకుండా మిగిలిన జాగాలో ఊరు పొడుగ్గా సాగింది. దానికి వెన్నెముక 16వ నంబరు జాతీయ రహదారి. కూర్మన్నపాలెం, గాజువాక, విమానాశ్రయం, ఎన్ఏడీ, తాటిచెట్లపాలెం, గురుద్వారా, మద్దిలపాలెం, ఇసుకతోట, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ, కొమ్మాది. ఈ వరసను ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. ఎవరు ఏ చిరునామా చెప్పినా, అది ఈ వరసలో ఏ జంక్షన్ దగ్గర తగులుతుందో అడగండి. వారం తిరిగేసరికి సగం ఊరు తెలిసిపోతుంది.

పటంలో కనిపించే దూరాన్ని మాత్రం నమ్మకండి. ఆర్కే బీచ్‌లో నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండ అదిగో అన్నట్టు కనిపిస్తుంది. ఆ వైపున్న సింధియా, మల్కాపురం వెళ్ళాలంటే కాన్వెంట్ జంక్షన్ మీదుగా ఓడరేవును చుట్టి రావాలి. మధురవాడ, పెందుర్తి పటంలో ఇరుగుపొరుగుల్లా ఉంటాయి. మధ్యలో సింహాచలం కొండల వరస అడ్డం. ఇక మధురవాడ నుంచి గాజువాకకు రహదారి మీద పాతిక కిలోమీటర్ల పైచిలుకు. కాబట్టి ఎవరినీ "ఎన్ని కిలోమీటర్లు?" అని అడగొద్దు. "ఎన్ని బండ్లు మారాలి? పొద్దున ఎంతసేపు పడుతుంది?" అని అడగండి.

ఇక్కడి స్టాపుల పేర్లు చాలావరకు పనుల పేర్లే. సింధియా అన్న పేరు 1941లో ఇక్కడ నౌకా నిర్మాణానికి పునాది వేసిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది; అదే తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. ఎన్ఏడీ అంటే నేవల్ ఆర్మమెంట్ డిపో. రేవు, రిఫైనరీ, డాక్‌యార్డ్, ఉక్కు కర్మాగారం, ఒక్కో గేటు ముందు ఒక్కో పేట పెరిగింది. పాత కార్మికులు గేటుకు దగ్గర్లోనే ఇళ్ళు చూసుకున్నారు. వాళ్ళ లెక్క ఇప్పటికీ సరైనదే.

ఇంటి వేటకు ముందు ఉద్యోగం ఇచ్చినవాళ్ళను నాలుగు మాటలు అడగండి

కంపెనీ బస్సు ఉందా అని అడిగితే ఉందనే అంటారు. అది సరిపోదు. ఏ స్టాపులో, ఎన్ని గంటలకు ఎక్కించుకుంటుంది? కాంట్రాక్టు మనుషులను ఎక్కనిస్తారా, పర్మనెంటు ఉద్యోగులకేనా? సి షిఫ్టుకు, అంటే రాత్రి డ్యూటీకి కూడా నడుస్తుందా? ఓవర్‌టైమ్ చేసిన రోజు ఇంటికి ఎలా? ఈ నాలుగింటికీ జవాబు తెలిసేదాకా ఎక్కడా అడ్వాన్సు ఇవ్వకండి. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) వైపు పని అయితే ఇది మరీ ముఖ్యం. ఆ దారుల్లో కంపెనీ బస్సు తప్పిపోతే ఆ పూట జీతం పోయినట్టే.

జవాబులు వచ్చాక ఒక పని చేయండి. సోమవారమో మంగళవారమో, మీ షిఫ్టు వేళకే, మీరు అనుకుంటున్న స్టాపు నుంచి గేటు దాకా ఒకసారి వెళ్ళి రండి. ఆదివారం వద్దు. ఆదివారం గాజువాక అరగంటలో వచ్చేస్తుంది, ఆ ధైర్యంతో అగ్రిమెంటు రాసుకుంటారు, సోమవారం నుంచి తెలుస్తుంది. వెళ్ళేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఇంకో లెక్క రాసుకోండి. రెండింటికీ తేడా ఎక్కువ. సాయంత్రం ఎన్ఏడీ, గాజువాక, మద్దిలపాలెం దగ్గర పోగయ్యే బండ్లు పొద్దున ఉండవు.

మెట్రో రైలు వస్తుంది కదా అని ముందుచూపుతో ఇల్లు తీసుకునేవాళ్ళున్నారు. కొనేవాళ్ళ సంగతి వేరు. అద్దెకు ఉండేవాళ్ళు ఇవాళ ఆగే బస్సును చూసి తీసుకోవడమే మంచిది.

ఇప్పుడు ఇల్లు

స్టాపు ఖాయమైందా? అక్కడి నుంచి పది నిమిషాల నడక లోపల మాత్రమే వెతకండి. టూలెట్ బోర్డులు చూస్తూ వీధులు తిరగడం ఇప్పటికీ మంచి పద్ధతి, ఎందుకంటే ఆ వీధి ఎలాంటిదో కాళ్ళకు తెలుస్తుంది. నచ్చిన ఇంటికి రెండోసారి రాత్రి పదింటికి వెళ్ళండి. స్టాపు నుంచి ఇంటిదాకా దీపాలు వెలుగుతున్నాయా, ఆ వేళకు తెరిచి ఉండే దుకాణం ఒకటైనా ఉందా, కుక్కలు ఎన్ని ఉన్నాయి? బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం డ్యూటీ దిగి రాత్రి వచ్చే మనిషికి, ముఖ్యంగా ఆడవాళ్ళకు, ఇంటి టైల్సు కన్నా ఇవే ముఖ్యం.

నీళ్ళ గురించి ఇంటివాళ్ళను కాదు, పక్క వాటావాళ్ళను అడగండి. మున్సిపల్ కుళాయి ఏ వేళకు వస్తుంది, ఎంతసేపు వస్తుంది, వేసవిలో బోరు ఎండిపోతుందా? సముద్రానికి దగ్గరైతే బోరు నీళ్ళు నోట్లో పోసుకుని చూడండి, ఉప్పదనం తెలుస్తుంది. ఆ గాలికి ఇనుప సామాను, ఫ్యాన్లు, స్కూటరు త్వరగా తుప్పు పడతాయి. ఇంటి పక్కన గెడ్డ ఉంటే మరింత జాగ్రత్త. గెడ్డ అంటే కొండ మీది వాన నీళ్ళు సముద్రంలోకి దిగే వాగు. వేసవిలో చూస్తే మురికి కాలువలా పడుకుని ఉంటుంది, తుపాను వానకు లేస్తుంది. కింది గోడల మీద నీటి గుర్తులు ఉన్నాయేమో చూడండి. కొత్తగా సున్నం వేసి ఉంటే ఎదురింటి పెద్దవాళ్ళను అడగండి, వాళ్ళు దాచరు.

అడ్వాన్సు ఎంతిచ్చినా ఫోన్ ద్వారా పంపండి, లేదా రశీదు తీసుకోండి. అగ్రిమెంటులో కరెంటు మీటరు సొంతమా ఉమ్మడా, మెయింటెనెన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటారు అన్నవి రాయించుకోండి. రంగుల డబ్బు దగ్గరే ఎక్కువ గొడవలవుతాయి.

బస్సు ఎక్కడం నేర్చుకోండి

ద్వారకా బస్ స్టేషన్ అని బోర్డు ఉంటుంది, కానీ ఆ పేరు ఎవరూ అనరు. "కాంప్లెక్స్" అంటే అదే. సిటీ బస్సులూ జిల్లా బస్సులూ రెండూ అక్కడే. మద్దిలపాలెంలో ఇంకో బస్ స్టేషన్ ఉంది. ఈ రెండింటికీ దారి తెలిస్తే ఎక్కడికైనా వెళ్ళొచ్చు.

తగరపువలస వైపు అయితే 222. రుషికొండ మీదుగా భీమిలికి 900కె. మద్దిలపాలెం నుంచి కూర్మన్నపాలెంకు 400కె. నంబరు చివర అక్షరాన్ని తప్పకుండా చూడండి. అంకె ఒకటే కదా అని ఎక్కేస్తే అక్షరం మిమ్మల్ని ఇంకో ఊళ్ళో దింపుతుంది. ఊళ్ళోంచి గాజువాక వెళ్ళడానికి రెండు దారులున్నాయి: రహదారి మీద ఎన్ఏడీ గుండా ఒకటి, సింధియా, మల్కాపురం గుండా ఇంకొకటి. ఎక్కేముందు "ఏ దారిలో వెళ్తుందండీ?" అని కండక్టరును అడగండి. పని డాక్‌యార్డ్ దగ్గరైతే మొదటి దారిలో వెళ్ళే బస్సు మీకు పనికిరాదు.

పాసు తీసుకునేటప్పుడు మీ స్టాపులో ఏ రకం బస్సులు ఎక్కువగా ఆగుతున్నాయో రెండు రోజులు లెక్కపెట్టండి. సిటీ ఆర్డినరీకి తీసుకున్న పాసుతో మెట్రో ఎక్స్‌ప్రెస్ ఎక్కనివ్వరు. వచ్చేవన్నీ ఎక్స్‌ప్రెస్‌లే అయితే చవక పాసు దండగ.

ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీలో ప్రయాణం ఉచితం. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవాలి. ఉచితమే కదా అని టికెట్టు తీసుకోకుండా కూర్చోవద్దు. ఒడిశా నుంచో ఇంకో రాష్ట్రం నుంచో వచ్చి స్థిరపడిన అక్కచెల్లెళ్ళు ముందు ఆధార్‌లో చిరునామా మార్పించుకోవాలి. అద్దె ఇల్లు కుదిరిన వారంలోనే ఆ పని పెట్టుకోండి.

సర్వీసు ఆటో, దాని మర్యాద

బస్సు లేనిచోట ఊరిని నడిపేది సర్వీసు ఆటోలే, అంటే నలుగురూ కలిసి ఎక్కే షేర్ ఆటోలు. వీటికి బోర్డు ఉండదు. జంక్షన్‌లో నిలబడితే "గాజువాక, గాజువాక" అనో "గోపాలపట్నం, పెందుర్తి" అనో కేకలు వినిపిస్తాయి. సగం నిండిన ఆటో ఎక్కండి, ఖాళీ ఆటో ఎక్కితే అది నిండేదాకా కదలదు. ఎంత ఇవ్వాలో తెలియకపోతే డ్రైవరును కాకుండా పక్కనున్నవాళ్ళను అడగండి. "అక్కడికెంతండీ?" అంటే చెబుతారు. ఆ రేటు చిల్లర చేతిలో పట్టుకుని కూర్చుంటే దిగేటప్పుడు మాట పెరగదు. ఖాళీ ఆటో వచ్చి "రండి మేస్టారూ, దింపేస్తాను" అంటే అది సర్వీసు కాదు, బేరం. ఎక్కకముందే ధర తేల్చుకోండి.

రాత్రివేళ ఒంటరిగా ఎక్కాల్సి వస్తే బండి నంబరు ఇంట్లోవాళ్ళకు పంపి ఎక్కండి. అందులో మొహమాటం ఏమీ లేదు, మంచి డ్రైవర్లు దాన్ని తప్పుగా తీసుకోరు. రోజూ ఒకే వేళకు వెళ్ళేవాళ్ళయితే ఒక డ్రైవరు నంబరు తీసి పెట్టుకోండి. నాకు కూర్మన్నపాలెంలో అలా పరిచయమైన డ్రైవరే మా అమ్మకు జ్వరం ముదిరిన రాత్రి ఊళ్ళోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్ళాడు. డబ్బు ఇవ్వబోతే "రేపు సూద్దాం, ముందు అమ్మని సూసుకోండి" అన్నాడు.

సొంత బండి ఉన్నవాళ్ళకు చెప్పాల్సింది కొంచెమే. ఇక్కడ వెనక కూర్చున్నవాళ్ళకూ హెల్మెట్ ఉండాలి. రహదారి మీద లారీల ఎడమ పక్క నుంచి దూరకండి. మిగిలిందంతా మీకు తెలిసిందే.

రైలు మీద వచ్చిపోయేవాళ్ళు

విజయనగరం నుంచి, అనకాపల్లి నుంచి రోజూ వచ్చి పనిచేసి వెళ్ళేవాళ్ళు చాలామంది. నెలవారీ సీజన్ టికెట్టు తీసుకుంటే అద్దె ఇంటి కన్నా అదే చవక కావచ్చు. కానీ సీజన్ టికెట్టుతో రిజర్వేషన్ పెట్టె ఎక్కకూడదు. మూడు సంగతులు గుర్తుంచుకోండి. కొన్ని దూరపు రైళ్ళు విశాఖ స్టేషన్‌కు రాకుండా దువ్వాడ మీదుగా పోతాయి. స్టీల్ ప్లాంటు, గాజువాక వైపు పనివాళ్ళకు దువ్వాడే దగ్గర. రెండోది, విశాఖ స్టేషన్‌కు జ్ఞానాపురం వైపు కూడా గేటు ఉంది. కాన్వెంట్ జంక్షన్ వైపు వెళ్ళేవాళ్ళు అటు దిగితే ఊరు చుట్టక్కర్లేదు. మూడోది, సింహాచలం అనే రైల్వే స్టేషన్ ఉన్నది గోపాలపట్నంలో, గుడి దగ్గర కాదు.

మొదటి నెలలో చేతికి రావాల్సిన కాగితాలు

కాంట్రాక్టరు కింద చేరేవాళ్ళు దీన్ని శ్రద్ధగా చదవండి. గేటు పాసు కోసం ఆధార్, ఫోటోలు, మెడికల్, కొన్నిచోట్ల పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు. పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉందో లేదో ముందే సరిచూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా పాసు ఆగిపోతుంది.

జీతం 21,000 రూపాయలు దాటనివాళ్ళకు, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) వర్తించే సంస్థల్లో, అది ఉంటుంది. మీ జీతంలోంచి 0.75 శాతం, యాజమాన్యం నుంచి 3.25 శాతం కడతారు. కార్డు వచ్చాక ఇంట్లోవాళ్ళ పేర్లు కూడా ఎక్కించుకోండి. చాలామంది ఇది మరిచిపోయి, అవసరం వచ్చిన రోజు ఆసుపత్రి కిటికీ దగ్గర నిలబడి బాధపడతారు. ఇక్కడ ఈఎస్ఐ ఆసుపత్రి మల్కాపురంలో ఉంది. పీఎఫ్‌కు మీ యూఏఎన్, అంటే పీఎఫ్ చూసుకునే మీ సొంత నంబరు అడిగి తీసుకుని, డబ్బు పడుతోందో లేదో ఫోన్‌లో మీరే చూసుకోండి. నేను ఒక కాంట్రాక్టరు దగ్గర చేసినప్పుడు పదకొండు నెలలు జీతంలోంచి పట్టుకున్నారు, ఖాతాలో పడింది ఆరు నెలలదే. జీతం చీటీలు దాచుకున్నాను కాబట్టి మిగతాది అడగగలిగాను. నెలనెలా చీటీ తీసుకోండి. ఇవ్వనంటే బ్యాంకు మెసేజ్‌నైనా ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక మనుషులు

పని, దారి కుదిరాక ఊళ్ళో కలవడం కష్టం కాదు. ఉత్తరాంధ్ర మనుషులు పలకరిస్తే పలుకుతారు. మొదటి ఆదివారం దగ్గర్లోని రైతుబజారుకు వెళ్ళండి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం, పెందుర్తి అన్నిచోట్లా ఉన్నాయి. ధరల బోర్డు చదివి లోపలికి వెళ్ళండి. ఒకే మనిషి దగ్గర నాలుగు వారాలు కూరలు కొంటే అయిదో వారం ఆవిడే మీ కోసం లేత బెండకాయలు తీసి ఉంచుతుంది.

మీ వార్డు సచివాలయం ఎక్కడుందో కనుక్కోండి. చెత్త బండి రాకపోయినా, వీధి దీపం పోయినా మొదట చెప్పాల్సింది అక్కడే. చదువుకునే పిల్లలకు, పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్ళకు ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ఉంది. అద్దె గదిలో ముగ్గురు నలుగురు ఉండేవాళ్ళకు అంత ప్రశాంతమైన బల్ల ఇంకెక్కడా దొరకదు.

ఊరంతా ఒక్కటయ్యే రోజులు కొన్ని ఉన్నాయి, వాటిని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో చందనోత్సవం; అక్కడి దేవుడు అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్కరోజే. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ. అడవివరం దగ్గర తొలిపావంచాలో, అంటే కొండ మొదటి మెట్టు దగ్గర, కొబ్బరికాయ కొట్టి దాదాపు 32 కిలోమీటర్లు కొండ చుట్టూ నడుస్తారు. హనుమంతవాక నుంచి ఎన్ఏడీ దాకా దారులు మళ్ళిస్తారు కాబట్టి ఆ రోజు షిఫ్టు ఉంటే ముందే ఎవరితోనైనా మార్చుకోండి. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి జనం పోటెత్తుతారు. ఆ రోజుల్లో ఆ గుడి ఉన్న పాత ఊరి వైపు బండి తీసుకెళ్ళకండి.

గిరి ప్రదక్షిణ రోజు దారి పొడవునా వీధివీధికీ మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర పంచుతారు. మీ వీధిలో అలాంటి పందిరి వేస్తుంటే వెళ్ళి గ్లాసులు అందించండి. చందా ఇచ్చి వచ్చేయడం వేరు, రాత్రంతా నిలబడి నీళ్ళు పోయడం వేరు. నా వీధిలో నాకు పేరు వచ్చింది ఆ రాత్రితోనే; అప్పటిదాకా "మేడ మీద అద్దెకున్నాయన"ని.

చివరి పని వానాకాలం ముగిసేలోపు చేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదుగానే తీరం దాటింది. కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు, పెట్రోలు బంకుల దగ్గర బారులు. ఆ రోజుల్లో పాలు ఎక్కడ దొరుకుతున్నాయో, ఏ దారి తెరిచారో నోటి మాటగానే వీధి నుంచి వీధికి చేరింది. అక్టోబరు, నవంబరు నెలల్లో రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వింటే తాగునీళ్ళు పట్టుకోండి, బండిలో పెట్రోలు పోయించండి, మేడ మీది వదులు రేకులు, కుండీలు దించండి. కింద వాటావాళ్ళవి, ఎదురింటివాళ్ళవి, దుకాణం అతనివి, ఆటో డ్రైవరువి, డిపార్టుమెంటు సూపర్‌వైజరువి, 112, 108 నంబర్లు ఒక కాగితం మీద పెన్నుతో రాసి బీరువా తలుపు లోపల అతికించండి. ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు. ఫోన్‌లో ఛార్జింగు అయిపోయిన రోజునే వాటితో పని పడుతుంది.